కరెంటు తిరిగొచ్చే క్షణం

సంక్రాంతికి ముందు నెల రోజులు వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులు ఎలా ఉంటాయో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎనుమాముల మార్కెట్ దారి పొడవునా పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మిల్లు లోపల గాలి నిండా దూది పింజలు. పనిచేసేవాళ్ల కనుబొమలు, మీసాలు తెల్లబడి ఉంటాయి. రాత్రి రెండు దాటినా రోలర్ల చప్పుడు ఆగదు.

అలాంటి ఒక రాత్రి ఒక మిల్లులో కరెంటు పోయింది. ఐదారు నిమిషాల్లో మళ్లీ వచ్చింది. ఆ కాసేపట్లో ఒక కార్మికుడు, వరుసలో నాలుగో మిషన్‌లో ఇరుక్కున్న పత్తిని చేత్తో లాగుతున్నాడు. ఆగిన మిషనే కదా అనుకున్నాడు. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. కరెంటు రాగానే మిషన్ దానంతటదే తిరిగింది. కుడిచేతి రెండు వేళ్లు మొదటి కణుపు దాకా పోయాయి.

ఆ ప్యానెల్ వైరింగ్ చేసింది నేను.

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి నాలుగేళ్లు. షాకు కొట్టకుండా, ఫ్యూజులు పోకుండా, మోటారు కాలకుండా ప్యానెల్ కట్టగలిగితే మంచి పనివాడినే అనుకునేవాడిని. ఆ రాత్రి షాకు కొట్టలేదు, ఫ్యూజు పోలేదు, మోటారు కాలలేదు. ప్యానెల్ నేను చెప్పినట్టే పనిచేసింది. చెప్పడంలోనే తప్పు ఉంది. అందుకే ఈ అధ్యాయం రాస్తున్నాను. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ చదివి మిషన్లకు కరెంటు పెట్టే పనిలోకి వస్తున్న ప్రతి తమ్ముడూ, చెల్లెలూ దీన్ని తమ మొదటి ప్యానెల్ కట్టకముందే చదవాలని నా కోరిక.

జరిగింది ఇదీ. మామూలు స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ కాయిల్‌కి సప్లై అందుతుంది, కాంటాక్టర్ లాగుతుంది. వేలు తీసేశాక కూడా అది పట్టుకుని ఉండాలి కాబట్టి దాని పక్కనుండే చిన్న కాంటాక్టు గుండా కాయిల్‌కి ఇంకో దారి ఇస్తాం. దాన్నే హోల్డింగ్ అంటాం. లైను పోతే కాయిల్ వదిలేస్తుంది, ఆ చిన్న కాంటాక్టు తెరుచుకుంటుంది. తర్వాత లైను వచ్చినా దారి తెగే ఉంటుంది. ఎవరో ఒకరు మిషన్ దగ్గరికి వచ్చి, చూసి, మళ్లీ పచ్చ బటన్ నొక్కాల్సిందే.

ఆ మిల్లు యజమానికి ఇదే విసుగు. "కరెంటు వొచ్చినప్పుడల్లా అన్ని మిషన్ల కాడికి ఉరుకుడు మావల్ల అయితలేదు. లైను రాంగనె వాటంతట అవే తిరగాలె" అన్నాడు. నేను పచ్చ, ఎర్ర బటన్లు రెండూ తీసేసి, వాటి స్థానంలో ఆన్, ఆఫ్ అని రెండు స్థానాలుండే సెలెక్టర్ స్విచ్ పెట్టాను. స్విచ్ ఆన్‌లో ఉంటే కాయిల్‌కి దారి ఎప్పుడూ కలిసే ఉంటుంది. లైను రావడమే ఆలస్యం, మిషన్ లేస్తుంది. గంటలో పని అయిపోయింది. యజమాని సంతోషపడ్డాడు, నేనూ సంతోషపడ్డాను.

ఆయనకు ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. మన పొలాల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియని రోజుల్లో రైతు చీకట్లో పాములూ తేళ్లూ దాటుకుంటూ పోకుండా ఆ డబ్బా కాపాడింది. దాన్ని నేను తప్పుపట్టను. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, నీళ్లు వృథా కాకుండా ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. పొలంలో వద్దన్నది నీళ్ల కోసం. మిల్లులో వద్దనాల్సింది వేళ్ల కోసం. బోరులో మోటారు భూమి లోపల ఎక్కడో ఉంటుంది, అక్కడికి ఎవరి చేయీ పోదు. జిన్నింగ్ మిషన్‌లో, పిండిగిర్నీలో, రైస్ మిల్లు ఎలివేటర్‌లో చేయి పోయే సందు ఉంటుంది. ఒకచోట మంచి చేసిన ఏర్పాటును ఇంకోచోట ఆలోచించకుండా దించడమే నేను చేసిన పొరపాటు.

ఇదంతా అప్పటికే కాగితం మీద ఉందని నాకు తర్వాత తెలిసింది. మిషన్ల విద్యుత్ పరికరాల భద్రతకు ప్రపంచమంతా వాడే ప్రమాణం ఐఈసీ 60204-1. దాని 2016 కూర్పునే మన బీఐఎస్ ఐఎస్ 16504 పార్ట్ 1 పేరుతో భారతీయ ప్రమాణంగా తీసుకుంది. అందులో 7.5వ క్లాజు సరిగ్గా ఈ సంగతే చెబుతుంది: సప్లై పోయి తిరిగొచ్చినప్పుడు మిషన్ తనంతట తాను లేవడం వల్ల ప్రమాదం ఉంటే, అలా లేవకుండా చూడాలి. నేను చేసింది దానికి పూర్తి విరుద్ధం. అంతకంటే పాతది, 1948 నాటి కర్మాగారాల చట్టం. దాని 24వ సెక్షన్ ప్రతి పనిగదిలోనూ అత్యవసరంగా కరెంటు ఆపే సాధనం ఉండాలంది. ఆపిన స్విచ్ పొరపాటున ఆన్ వైపు జరిగే వీలుంటే దాన్ని ఆఫ్‌లో తాళం వేసే ఏర్పాటు కూడా ఉండాలని 1976 సవరణలో చేర్చారు. అందులో మొదటిది స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే ఈ దేశం రాసుకున్న మాట. నేను చదవలేదు.

ప్రమాణం అనగానే మనవాళ్లు ఇన్‌స్పెక్టర్‌ను గుర్తు చేసుకుంటారు. నాకు మాత్రం అందులోని ఒక్కో వాక్యం వెనకా ఒక మనిషి కనిపిస్తాడు. ఎక్కడో ఏ దేశంలోనో ఒకరి చేయి నలిగాకే ఆ వాక్యం రాసి ఉంటారు. అలా చదవడం మొదలుపెట్టాక నాకు ఆ పుస్తకం నిద్ర తెప్పించడం మానేసింది. మీరూ ఒకేసారి మొత్తం చదవకండి. ఇవాళ మీరు చేస్తున్న పని ఏదో, ఆ క్లాజు ఒక్కటి చదవండి. చదివి, ఆ నియమం లేకపోతే ఎవరికి ఏమయ్యేదో ఊహించండి.

ఆ ప్రమాదం తర్వాత నా అలవాటు ఒకటి మారింది. డ్రాయింగు మొదలుపెట్టకముందు మిషన్ దగ్గర ఒక పూట గడుపుతాను. పనివాళ్లతో కలిసి అన్నం తింటాను. యజమాని చెప్పేది మిషన్ ఎలా నడవాలో. పనివాడు చెప్పేది అది ఎలా ఆగిపోతుందో, ఆగినప్పుడు తను ఏం చేస్తాడో. ప్యానెల్ కట్టేవాడికి రెండోదే ముఖ్యం. "ఇరుక్కుంటే ఏం చేస్తవన్నా?" అని అడగండి. మాటతో కాకుండా చేత్తో చూపిస్తాడు. ఆ చేయి ఎక్కడిదాకా పోయిందో చూసుకోండి. అక్కడ మూత కావాలి, ఆ మూత తీస్తే మిషన్ ఆగే స్విచ్ కావాలి. అతను నిలబడ్డ చోటి నుంచి చేయి చాపితే అందేలా ఆపే బటన్ కావాలి. పొడవాటి మిషనైతే ఇంకో చివరన ఎవరున్నారో స్టార్ట్ నొక్కేవాడికి కనిపిస్తుందా లేదా చూడండి. కనిపించకపోతే స్టార్ట్‌కు ముందు హారన్ మోగాలి.

ఇక్కడ ఎమర్జెన్సీ స్టాప్ గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. పసుపు పట్టీ మీద ఎర్ర పుట్టగొడుగులా ఉండే బటన్. నొక్కితే అక్కడే ఉండిపోవాలి, తిప్పితేనో లాగితేనో వదలాలి. వదిలినంత మాత్రాన మిషన్ తిరగకూడదు, మళ్లీ స్టార్ట్ నొక్కాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ బటన్ నొక్కి లోపల చేయి పెట్టకూడదు. అది జరుగుతున్న ప్రమాదాన్ని ఆపడానికి పెట్టింది. అది నొక్కినా ప్యానెల్‌లోకి 415 వోల్టులు వస్తూనే ఉంటాయి. శుభ్రం చేయడానికి, రిపేరుకు, బెల్టు మార్చడానికి మెయిన్ ఐసొలేటర్ తిప్పాలి, తాళం వేయాలి.

తాళం అంటే మన దగ్గర చాలామంది నవ్వుతారు. వాళ్లకు నేను లైన్‌మన్‌ను గుర్తు చేస్తాను. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. తను దిగి ఎల్‌సీ తిరిగి ఇచ్చేదాకా ఆ ఫీడర్ ఛార్జ్ చేయకూడదు. ఆ మాట మీద నమ్మకంతోనే అతను తీగ పట్టుకుంటాడు. ఆ మాట ఎక్కడైనా తప్పితే ఏమవుతుందో మన ఊళ్లలో అందరం చూశాం. మిల్లులో ఐసొలేటర్‌కు వేసే తాళమే ఎల్‌సీ. తాళంచెవి లోపల పనిచేసేవాడి జేబులో ఉండాలి. ముగ్గురు పనిచేస్తుంటే మూడు తాళాలు పడాలి. అందుకే ప్యానెల్ కట్టేటప్పుడే, ఆఫ్‌లో తాళం పడే హ్యాండిల్ ఉన్న ఐసొలేటర్ తెప్పించండి. హ్యాండిల్ నేల నుంచి 0.6 మీటరుకు పైన, 1.9 మీటర్లకు లోపల ఉండాలని ప్రమాణం చెబుతుంది, 1.7 మీటర్లు మించకపోతే ఇంకా మంచిది. స్టూలు ఎక్కి మెయిన్ ఆపాల్సి వస్తే ఎవరూ ఆపరు, ఆపకుండానే చేయి పెడతారు. మోటారు వేగం మార్చే డ్రైవ్ ఉన్న ప్యానెల్ అయితే మెయిన్ ఆపాక కూడా దాని కెపాసిటర్లలో కాసేపు వోల్టేజీ ఉంటుంది. డ్రైవ్ మీద ఎన్ని నిమిషాలని రాసి ఉంటే అన్ని నిమిషాలూ ఆగాలి.

కంట్రోల్ సర్క్యూట్ విషయంలో మన పాత అలవాటు ఇంకొకటి ఉంది. రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల కాయిల్ వేసి, అదే వోల్టేజీని మిషన్ మీది బటన్ దాకా లాగడం. వానాకాలం తడి చేత్తో ఆ బటన్ నొక్కేవాడి గురించి ఆలోచించండి. ప్రమాణం ప్రకారం ఏసీ కంట్రోల్ వోల్టేజీ 230 దాటకపోవడం మంచిది, దాన్ని సాధారణంగా వేరుగా వైండింగులున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసుకోవాలి. నేనైతే 24 వోల్టుల డీసీ తప్ప ఇంకోటి వాడను. ఏసీ అయితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో, డీసీ అయితే ఆ డీసీ సప్లైలో ఒక కొసను ఎర్తుకు కలపాలి. కాయిల్ ఒక చివరను ఎర్తుకు కలిపిన ఆ కొసకే నేరుగా ఇవ్వాలి, బటన్లన్నీ రెండో వైపే రావాలి. ఎందుకంటారా? ఎలుక కొరికో, రాపిడికో బటన్ వైరు మిషన్ బాడీకి తగిలిందనుకోండి. ఇలా కలిపి ఉంటే ఎంసీబీ ట్రిప్పయి మిషన్ ఆగుతుంది. కలపకపోతే, ఒకచోట తగిలినప్పుడు ఏమీ తెలియదు. రెండోచోట తగిలిన రోజు ఎవరూ నొక్కకుండానే మిషన్ లేవొచ్చు, లేదా స్టాప్ నొక్కినా ఆగకపోవచ్చు.

ఎర్తింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. కావాలని చేసే మోసం కాదు. రాడ్డు పాతాం, ఉప్పూ బొగ్గూ పోశాం, అయిపోయిందనుకుంటాం. మూడు ఫేజుల మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఉండాలన్నది 1956 ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ కాలం నుంచీ మనకు ఉన్న నియమం. దాన్ని మన వైర్‌మన్లు బాగానే పాటిస్తారు. తప్పిపోయేది ప్యానెల్ తలుపు. తలుపు మీద బటన్లు, ల్యాంపులు, మీటరు ఉంటాయి, వాటికి వైర్లు వస్తాయి. తలుపుకు కబ్జాలున్నాయి కదా, ఎర్తు దానంతటదే అందుతుందనుకుంటాం. కబ్జాల మధ్య రంగు ఉంటుంది, గ్రీజు ఉంటుంది. అందుకే ఫ్రేము నుంచి తలుపుకు ఆకుపచ్చ పసుపు చారల వైరు ఒకటి వదులుగా, తలుపు పూర్తిగా తెరిచినా లాగకుండా వేయాలి.

ఆ వైరు వేసేటప్పుడు ఒక్కసారి నా పక్కన నిలబడి చూడండి. పౌడర్ కోటింగ్ మీద లగ్గు పెట్టి నట్టు బిగించేస్తే చూడటానికి చక్కగా ఉంటుంది. మీటరు పెడితే ముల్లు కదలదు. లగ్గుకూ రేకుకూ మధ్య రంగు పొర ఉంది. దాన్ని గీకి లోహం మెరిసేదాకా తీసి, పళ్లున్న స్టార్ వాషర్ వేసి, బిగించి, తుప్పు పట్టకుండా పైన పూత పూయాలి. ఒక బోల్టు కింద ఒక్క ఎర్తు వైరే ఉండాలి. రెండు మూడు లగ్గులు ఒకే బోల్టుకు గుచ్చితే, రేపు ఒక మోటారు విప్పేవాడు మిగతావాటి ఎర్తు కూడా విప్పేస్తాడు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి దూది, ఊక దుమ్ము. ప్యానెల్ మీద పేరుకున్న దూదికి ఒక్క నిప్పురవ్వ చాలు. వీలైతే ప్యానెల్‌ను జిన్నింగ్ హాల్ బయట గదిలో పెట్టండి. వీలు కాకపోతే ఐపీ54కు తగ్గని డబ్బా తీసుకోండి, వాడని గ్లాండు రంధ్రాలు మూసేయండి. ఆ రంధ్రం వదిలేస్తే ఐపీ54 అన్న ముద్రకు అర్థం లేదు. రెండోది ఫేజు తారుమారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలి కొత్తది పెట్టినప్పుడు ఫేజులు అటూ ఇటూ మారితే మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి. అలా తిరిగితే ప్రమాదమయ్యే మిషన్‌కు ఫేజ్ సీక్వెన్స్ రిలే తప్పదు.

రంగుల గురించి కూడా చిన్నచూపు వద్దు. మన రైస్ మిల్లుల్లో బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఎందరో. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా చదవలేనివాడికి రంగే అక్షరం. స్టార్ట్‌కు ఎరుపు ఎప్పుడూ వాడొద్దు. షాపులో పచ్చ బటన్ అయిపోయిందని ఎర్రది బిగించి, కింద "స్టార్ట్" అని స్టిక్కర్ అంటించిన ప్యానెల్‌ను నేను చూశాను. అలాంటిది మీ చేతి మీదుగా బయటికి పోకూడదు.

ఇక అందరికీ కష్టమయ్యేది, యజమానితో మాట. ఈ పనిలో వ్యక్తిత్వం బయటపడేది అక్కడే. "ఆ తాళం హ్యాండిల్ ఎందుకు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు, పైసలు దండుగ, పక్క మిల్లుల లేవు గద" అంటారు. వాదన పెట్టుకోకండి. నేను నేర్చుకున్న పద్ధతి చెబుతాను. కొటేషన్‌లో భద్రత అని వేరే పద్దు రాయకండి. వేరే పద్దు కనిపిస్తే బేరంలో ముందు ఎగిరిపోయేది అదే. ప్యానెల్ ఇంత అని ఒకే ధర చెప్పండి. ఎర్తు లేని ప్యానెల్, తాళం పడని ఐసొలేటర్ మీ దగ్గర దొరకవంతే. దానంతటదే లేవాలని అడిగితే, ఎందుకు అడుగుతున్నారో వినండి. ఆ మిల్లు యజమాని బాధ నిజమైనదే: రాత్రి ఒక్క మనిషి అన్ని మిషన్ల దగ్గరికీ ఉరకాలి. దానికి ఆటో స్టార్ట్ ఒక్కటే మార్గం కాదు. మొత్తం వరుస కనిపించే చోట ఒక స్టార్ట్ స్టేషన్ పెట్టి, హారన్ మోగి కొన్ని సెకన్లు ఆగాక ఒక్కో మిషన్ వరుసగా లేచేలా చేయొచ్చు. ఏ మిషన్ మూత తెరిచి ఉంటే ఆ మిషన్ లేవదు. ఇప్పుడు నేను చేసేది అదే. అప్పుడు నాకు ఆ జ్ఞానం ఉంటే ఆయనకూ ఇబ్బంది తప్పేది, ఆ కార్మికుడి వేళ్లూ ఉండేవి. ఇవన్నీ చెప్పినా వినకపోతే ఆ పని వదులుకోండి. నేను రెండుసార్లు వదులుకున్నాను. ఆ నెల కష్టమైంది, తర్వాత ఆ ఇద్దరిలో ఒకరు తిరిగి నా దగ్గరికే వచ్చారు. రాకపోయినా నేను బాధపడేవాడిని కాదు.

మన వరంగల్‌కు మిషన్లు కొత్త కాదు. 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడేదాకా ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందో పెద్దవాళ్లను అడగండి. 1959లో దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసింది ఇక్కడే. ఇవాళ అది ఎన్ఐటీ. ఇప్పుడు గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది, కాజీపేట దగ్గర రైల్వే తయారీ యూనిట్ పనులు మొదలయ్యాయి. 2024 ఆగస్టులో కేంద్ర భారీ పరిశ్రమల శాఖ పంపులు, కంప్రెసర్లు, క్రేన్ల వంటి అనేక యంత్రాలకు భద్రతా ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది, అమలు గడువును తర్వాత పొడిగించింది. గడువు ఎప్పటికైనా ఉండనీ, ప్రమాణం తెలిసి ప్యానెల్ కట్టేవాడికి ఈ ఊళ్లో పని దొరక్కుండా ఉండదు.

ప్యానెల్ పూర్తయిన రోజు హడావుడి ఎక్కువ. లారీ వచ్చి ఉంటుంది, యజమాని ఫోన్లు చేస్తుంటాడు. అయినా పరీక్షలు వదలొద్దు. ఎర్తు కొనసాగింపును తలుపు నుంచి, ప్రతి మోటారు బాడీ నుంచి మెయిన్ ఎర్తు టెర్మినల్ దాకా 0.2 నుంచి 10 ఆంపియర్ల మధ్య కరెంటు పంపి చూడండి. డ్రైవ్‌లు, ఎలక్ట్రానిక్ కార్డులు విప్పి పక్కన పెట్టి, 500 వోల్టుల డీసీ మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలవండి, ఒక మెగోమ్ కంటే తగ్గకూడదు. కొలిచినవన్నీ తేదీతో రాసి సంతకం పెట్టండి. చివరికి ఎలా కట్టారో అలా దిద్దిన డ్రాయింగును తలుపు లోపలి జేబులో పెట్టండి. పదేళ్ల తర్వాత అర్ధరాత్రి దాన్ని తెరిచే ఫిట్టర్‌కు మీరు తోడు ఉండరు, ఆ కాగితం ఉంటుంది.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష మిగులుతుంది. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. మిషన్‌ను నడపండి. నడుస్తుండగానే వెనకనున్న సప్లై ఆపించండి. అన్నీ ఆగాక అందరినీ దూరంగా నిలబెట్టి, మళ్లీ సప్లై ఇప్పించండి. ఇంతకుముందు కట్టి ఇచ్చిన ప్యానెళ్లకు కూడా ఈ పరీక్ష చేసి రండి, రేపే వెళ్లండి. లైను రాగానే ఒక్క పుల్లీ కదిలినా ఆ పని ఇంకా పూర్తికానట్టే. విప్పి మళ్లీ కట్టండి.